చెరువు సెన్సర్లకి హామింగ్ కోడ్ పెట్టాలా? డిస్కులో డేటా చెడిపోలేదని ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత వరకు కుదించి రాస్తున్నాను, తేడా ఉంటే చెప్పండి. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పది వనామీ రొయ్యల చెరువులు. ఒక్కో చెరువులో డిఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, నీటి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంది. అక్కడి నుంచి ఆర్ఎస్-485 తీగ మీద మోడ్‌బస్‌లో (యంత్రాలు ప్రశ్న, జవాబుగా మాట్లాడుకునే పద్ధతి) గట్టు మీది షెడ్డుకి, షెడ్డులోని గేట్‌వే (తీగ మీది డేటాని 4జీకి ఎక్కించే పెట్టె) నుంచి మీ ఇంటికి డేటా వస్తోంది. ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేసినప్పుడు డిఓ ఒక్కోసారి 0 అని, ఒక్కోసారి 29, 30 అని చూపిస్తోంది. ఇంజనీరింగ్ చదువుతున్న మీ బావమరిది "పారిటీ పనికిరాదు, హామింగ్ కోడ్ పెట్టు, తప్పులు వాటంతటవే సరైపోతాయి" అన్నాడు. ఇది కాక, కొన్నేళ్ల రికార్డులు, ఫొటోలు, మేత బిల్లులు అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి, రెండో డిస్కు కొని రెయిడ్‌లో (రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాసే ఏర్పాటు) పెడితే నిశ్చింతగా ఉండొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. తీగ మీద వచ్చే డేటాకి హామింగ్ వద్దండీ. తప్పుని పట్టుకోండి, ఆ ముక్క పారేయండి, మళ్లీ అడగండి. డిస్కులో దాచినదానికి మాత్రం దిద్దుకునే ఏర్పాటు కావాలి, ఎందుకంటే అక్కడ మళ్లీ అడగడానికి అవతల ఎవరూ ఉండరు. ఇంకో మాట, మీకు వస్తున్న 0 గానీ 29 గానీ తీగలో బిట్లు తిరగబడి వచ్చినవి కావని నా గట్టి అనుమానం. హామింగ్ కాదు కదా, ఏ కోడ్ పెట్టినా అవి పోవు. ఎందుకో కింద చెబుతాను.

పారిటీ విషయంలో మీ బావమరిది అన్నది నిజమే. ఒక బైటులో 1లు సరి సంఖ్యలో ఉన్నాయా బేసి సంఖ్యలో ఉన్నాయా అని చెప్పే ఒక్క బిట్టు అది. ఒక బిట్టు తిరగబడితే పట్టేస్తుంది, రెండు తిరగబడితే ఏమీ జరగనట్టే ఉంటుంది. మన దగ్గరి అంకెలతోనే చూద్దాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఒక్క అంకె, 1 బదులు 7. కంప్యూటర్ అక్షరాలుగా పంపేటప్పుడు 1 అంటే 0110001, 7 అంటే 0110111. పక్కపక్కనే ఉన్న రెండు బిట్లే తేడా. 1లు లెక్కపెడితే మొదటిదానిలో మూడు, రెండోదానిలో అయిదు, రెండూ బేసే. అంటే మొదటి హెచ్చరిక మూడో హెచ్చరికగా మారిపోయినా పారిటీ బిట్టు నోరెత్తదు. పైగా మోటారు వల్ల తీగలో పుట్టే కరెంటు అలజడితో వచ్చే తప్పులు ఒంటరిగా రావు, ఇలాగే పక్కపక్క బిట్లని కలిపి కొడతాయి. ఒక్క బిట్టు మాత్రమే పోతుందనుకుని చేసిన ఏర్పాటు అసలు దెబ్బ ఎలా పడుతుందో చూడకుండా చేసినట్టే.

కొన్ని చవక బోర్డుల్లో పారిటీ బదులు బైట్లన్నీ కూడి ఆ మొత్తాన్ని చివర పెడతారు. పైన చెప్పిన 11.75 తప్పుని ఇది పడుతుంది గానీ, ఒక బైటులో ఏదో స్థానంలో 0 కాస్తా 1 అయ్యి, ఇంకో బైటులో అదే స్థానంలో 1 కాస్తా 0 అయితే మొత్తం మారదు. బైట్లు తారుమారైనా అంతే, 4.2 పంపినా 2.4 పంపినా కూడిక ఒకటే. డిఓ 4.2 అయితే ఇంకాసేపు చూడొచ్చు, 2.4 అయితే చెప్పులు వేసుకునే టైముండదు.

మోడ్‌బస్‌లో మీకు ఇప్పటికే సీఆర్‌సీ ఉంది, అదే మీకు కావలసింది. పంపే బిట్లన్నిటినీ ఒక పెద్ద సంఖ్యలా తీసుకుని, ముందే ఒప్పుకున్న ఒక భాజకంతో భాగించి (ఈ భాగహారంలో మామూలు కూడిక, తీసివేత ఉండవు), వచ్చిన శేషాన్ని తోకలా తగిలించడమే దాని పద్ధతి. ఒకటో నంబరు సెన్సర్‌ని "మొదటి రిజిస్టర్ (సెన్సర్ తన కొలతని ఉంచే గడి) చెప్పు" అని అడిగే మెసేజి ఎలా ఉంటుందంటే, బైట్లని మామూలు దశాంశ అంకెల్లో రాస్తే: 1, 3, 0, 0, 0, 1, తర్వాత 132, 10. ఆ చివరి రెండే సీఆర్‌సీ. మొదటి ఆరిట్లో ఎక్కడ ఏం మారినా దాదాపుగా ఈ రెండూ కుదరవు. మోడ్‌బస్ వాడే 16 బిట్ల సీఆర్‌సీ ఒక బిట్టు తప్పుల్ని, ఆ మెసేజి పొడవులో ఎక్కడ వచ్చినా రెండు బిట్ల తప్పుల్ని, బేసి సంఖ్యలో వచ్చే తప్పులన్నిటినీ, 16 బిట్ల లోపు వరసగా పడే దెబ్బలన్నిటినీ కచ్చితంగా పడుతుంది. అంతకంటే పెద్ద దెబ్బల్లో సుమారుగా 65536కి ఒకటి తప్పించుకుంటుంది.

ఆ "65536కి ఒకటి" అన్నది వినడానికి చాలా తక్కువ. లెక్క వేద్దాం. పది సెకన్లకోసారి అడిగితే రోజుకి 8640 సార్లు. మీ లైను బాగా పాడై నూటికి ఒక జవాబు చెడిపోతోంది అనుకుందాం, అంటే రోజుకి 86 చిల్లర. అవన్నీ పెద్ద దెబ్బలే అనుకున్నా, ఒక తప్పు జవాబు సీఆర్‌సీ కళ్లుగప్పి లోపలికి రావడానికి రెండేళ్ల పైన పడుతుంది. అదే పది చెరువులైతే రెండున్నర నెలలకి ఒకటి. ఇది ప్రాణం మీదకొచ్చే రేటు కాదు గానీ, ఆ ఒక్కటీ ఏరేటర్ని ఆపే నిర్ణయం దగ్గరికి వెళ్లకూడదు. అందుకే సీఆర్‌సీ మీద ఇంకో వడపోత ఉండాలి, దానికి వస్తాను.

ఇక హామింగ్. పట్టుకోవడం వేరు, దిద్దడం వేరు. రైస్ మిల్లు గుమస్తా బస్తాల పద్దులో ప్రతి అడ్డం వరసకీ ఒక మొత్తం, ప్రతి నిలువు వరసకీ ఒక మొత్తం వేస్తాడు. అడ్డం మొత్తం ఒక్కటే ఉంటే ఆ వరసలో ఎక్కడో తప్పుందని తెలుస్తుంది, ఏ గడో తెలీదు. రెండూ ఉంటే కుదరని అడ్డం వరసా, కుదరని నిలువు వరసా కలిసే గడిలోనే తప్పు, దిద్దేయొచ్చు. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతిలో కిటుకు కూడా ఇలాంటిదే, కాకపోతే ఇంకా పొదుపైనది. అప్పటి రిలే కంప్యూటర్లు తప్పు దొరికితే ఆ పని అక్కడితో వదిలేసి తర్వాతి పనికి పోయేవి. శనాదివారాలు ఆయన పెట్టి వెళ్లిన లెక్కలు సోమవారానికి అలా ఆగిపోయి ఉండేవి. తప్పుందని మిషను కనిపెట్టగలిగితే అది ఎక్కడుందో కూడా ఎందుకు కనిపెట్టకూడదు అన్న విసుగులోంచి పుట్టింది ఆ కోడ్.

ఒకసారి చేతితో చేసి చూడండి, పది నిమిషాల పని. నాలుగు బిట్లు పంపాలి: 1011. ఏడు స్థానాలు తీసుకోండి. 1, 2, 4 స్థానాలు కాపలా బిట్లకి, 3, 5, 6, 7 మన డేటాకి. 1వ కాపలా 1, 3, 5, 7 స్థానాలని చూసుకుంటుంది, 2వది 2, 3, 6, 7ని, 4వది 4, 5, 6, 7ని. ప్రతి గుంపులో 1లు సరి సంఖ్యలో ఉండాలి. అలా నింపితే 0110011 వస్తుంది. ఇప్పుడు దారిలో 6వ బిట్టు తిరగబడింది, అవతలికి చేరింది 0110001. మొదటి గుంపు సరిగ్గా ఉంది. రెండో గుంపు కుదరలేదు. నాలుగో గుంపు కుదరలేదు. 2, 4 కూడితే 6. తప్పు ఎక్కడుందో అంకె వేసి మరీ చెప్పింది. మొదటిసారి చేసినప్పుడు ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు అదే మెసేజిలో 6, 7 రెండూ తిరగబడ్డాయనుకోండి. చేరింది 0110000. మొదటి గుంపు కుదరలేదు, మిగతా రెండూ కుదిరాయి. కాబట్టి కోడ్ "1వ బిట్టు తప్పు" అని తీర్మానించి, బాగున్న 1వ బిట్టుని తిప్పేస్తుంది. ఇప్పుడు మూడు తప్పులు, మూడు గుంపులూ చక్కగా కుదిరాయి, మీ 1011 కాస్తా 1000 అయ్యి "సరిచేశాను" అన్న ముద్రతో లోపలికొచ్చింది. దిద్దే కోడ్ దాని శక్తికి మించిన తప్పు వస్తే ఊరుకోదు, తప్పుగా దిద్దుతుంది. అదనంగా ఇంకో పారిటీ బిట్టు పెట్టి రెండు తప్పుల్ని కనీసం పట్టుకునేలా చేయొచ్చు, సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీలో 64 బిట్లకి 8 బిట్లు కలిపి చేసేది అదే. మెమరీ చిప్పులో తప్పులు ఎక్కువగా ఒక్కో బిట్టుగా వస్తాయి కాబట్టి అక్కడ అది బ్రహ్మాండంగా నడుస్తుంది. కాంటాక్టర్ (ఏరేటర్ మోటారుని వేసే పెద్ద స్విచ్చి) పడినప్పుడు మీ తీగ మీద వచ్చే తప్పులు గుంపుగా వస్తాయి. అందుకే వద్దన్నాను. అదీగాక ఏడు బిట్లలో మూడు కాపలాకే పోతున్నాయి, మీ సెన్సర్ కంపెనీ దాని లోపలి ప్రోగ్రాం మార్చి మీ కోసం హామింగ్ పెట్టదు కూడా. తీగ మీద మళ్లీ అడగడానికి పట్టేది సెకనులో చిన్న ముక్క, డిఓ ఆలోపు మారిపోదు.

మరి దారిలోనే దిద్దే కోడ్లు ఎక్కడ కావాలి? మళ్లీ అడగడం కుదరనిచోట, లేదా అడిగితే ఖర్చెక్కువైనచోట. వోయేజర్ లాంటి వ్యోమనౌకకి "ఆ బైటు మళ్లీ పంపు" అంటే గంటలు పడుతుంది. డిష్ టీవీ శాటిలైట్ ఒకేసారి లక్షల ఇళ్లకి పంపుతుంది, ఎవరూ తిరిగి అడగలేరు. వానాకాలంలో చూసే ఉంటారు, జల్లు పడుతున్నా బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, ఇంకాస్త ముదరగానే ఒక్కసారిగా గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. పాత యాంటెనా రోజుల్లోలా మెల్లమెల్లగా మసకబారదు. దిద్దే కోడ్ తన హద్దు వరకు అంతా మోసి, హద్దు దాటగానే చేతులెత్తేయడం అది. మీరు ముందుముందు దూరం చెరువులకి తీగ లేకుండా లోరా అనే రేడియో పెట్టుకుంటే (మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు) అందులో కోడింగ్ రేటు అని 4/5 నుంచి 4/8 దాకా ఉంటుంది (4 బిట్ల డేటాకి మొత్తం 5 నుంచి 8 బిట్లు పంపడం), బ్యాటరీ మీద నడిచేది జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు కాబట్టి అక్కడ ఆ అదనపు బిట్లకి అర్థముంది.

సరే, మీ 0 సంగతి, 29 సంగతి.

వేసవి పగటి పూట మీ చెరువు నీటి ఉష్ణోగ్రత ఎంతుంటుంది? 29, 30 డిగ్రీలు. మీకు డిఓగా కనిపిస్తున్నది డిఓ కాదు, ఉష్ణోగ్రత. ఆర్ఎస్-485 మీది మోడ్‌బస్‌లో జవాబులో సెన్సర్ నంబరు ఉంటుంది, ఎన్ని బైట్లో ఉంటుంది, విలువ ఉంటుంది, సీఆర్‌సీ ఉంటుంది. ఇది ఏ రిజిస్టర్‌కి జవాబు అన్నది మాత్రం ఉండదు. మీ ప్రోగ్రాం ఉష్ణోగ్రత అడిగింది, సెన్సర్ కాస్త ఆలస్యం చేసింది, ఈలోపు టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) అయిపోయి ప్రోగ్రాం డిఓ అడిగింది, అప్పుడు తీరిగ్గా ఉష్ణోగ్రత జవాబు వచ్చింది. సీఆర్‌సీ నూటికి నూరుపాళ్లు సరైనదే, ఎందుకంటే ఒక్క బిట్టు కూడా చెడలేదు. 294 అన్న అంకెని పదితో భాగించి డిఓ 29.4 అని రాసేసింది. అదృష్టం బాగుండి మీ కళ్లకి కనపడింది. డిఓ రిజిస్టర్ వందతో భాగించే రకం అయ్యుంటే 2.94 అని వచ్చేది, చూసినవాళ్లెవరూ అనుమానించేవారు కాదు, అర్ధరాత్రి కుర్రాళ్లని లేపి గట్టు మీదకి పరిగెత్తించేవారు.

దీనికి మందు: టైమౌట్ పెంచండి. ప్రతి ప్రశ్నకి ముందు వచ్చి పడివున్న పాత బైట్లని తుడిచేయండి. మూడు రిజిస్టర్లూ పక్కపక్క నంబర్లలో ఉంటే మూడు ప్రశ్నలు కాకుండా ఒక్క ప్రశ్నలో మూడూ అడగండి, అప్పుడు జవాబు పొడవే వేరుగా ఉంటుంది, కలగలిసే అవకాశం బాగా తగ్గుతుంది.

0 ఇంకా సులువు. మీరు అడిగిన మెసేజి చెడిపోయి సెన్సర్‌కి చేరితే అది సీఆర్‌సీ చూసుకుని మౌనంగా ఉండిపోతుంది, అదే దాని పద్ధతి. మీ ప్రోగ్రాం జవాబు రాలేదని గుర్తించి, ఆ గడిలో 0 రాస్తోంది. అది రాసినవాడి తప్పు, తీగ తప్పు కాదు. జవాబు రాకపోతే గడి ఖాళీగా వదలాలి. డిఓ 0 అంటే చెరువు పోయినట్టు, "తెలీదు" అంటే తెలీనట్టు, ఈ రెండింటికీ ఒకే గుర్తు పెట్టకూడదు. మూడుసార్లు మళ్లీ అడగండి, అప్పటికీ రాకపోతే ఖాళీ వదిలి, ఎన్నిసార్లు విఫలమైందో టైముతో సహా వేరే లెక్క రాసుకోండి.

ఆ వైఫల్యాల లెక్క బంగారం లాంటిది. అది ఏరేటర్ స్టార్టయిన నిమిషాలతో కలిస్తే కరెంటు కేబులూ సిగ్నల్ తీగా ఒకే పైపులో వేసుంటారు, నేను చూసిన చెరువుల్లో చాలావాటిలో అదే కథ. మెలితిప్పిన జంట తీగ వేయండి, కరెంటు కేబుల్‌కి దూరంగా. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో చూడండి (మధ్యలో ఉండకూడదు). ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వరసగా వెళ్లాలి, షెడ్డు నుంచి పది పాయలుగా చీలకూడదు. స్పీడు సెకనుకి 9600 బిట్లకి తగ్గించండి, మూడు అంకెల కోసం అంతకంటే వేగం ఎవరికీ అక్కర్లేదు. తప్పులు వానలప్పుడే వస్తుంటే జంక్షన్ బాక్సులు తెరిచి చూడండి. ఉప్పునీటి చెరువుల దగ్గర స్క్రూల మీద పచ్చగా చిలుము పడుతుంది, అది తుడిస్తే ఏ కోడూ చేయలేని మేలు జరుగుతుంది.

ఇప్పుడు ఆ రెండో వడపోత. సీఆర్‌సీ చెప్పేది ఒక్కటే: సెన్సర్ చెప్పిన మాట చెప్పినట్టు చేరిందని. సెన్సర్ నిజం చెప్పిందని కాదు. ప్రోబ్ మీద నాచు పట్టి తప్పు కొలిస్తే ఆ తప్పు కొలతకి చక్కటి సీఆర్‌సీ తగిలించి పంపుతుంది. అందుకని ప్రోగ్రాంలో కొన్ని ఇంగితం పరీక్షలు పెట్టండి. డిఓ 0 నుంచి 20 దాటితే నమ్మొద్దు. పది సెకన్లలో 2 పాయింట్లు దూకితే నమ్మొద్దు, రెండు మూడు రీడింగులు చూశాక నమ్మండి. ధవళేశ్వరం ఉదాహరణలో కూడా 11.75, 17.75 రెండూ సాధ్యమయ్యే మట్టాలే కాబట్టి హద్దుల పరీక్ష పట్టదు. గోదారి ఒక్క గంటలో ఆరడుగులు లేవదన్న ఇంగితమే పడుతుంది. అసలు మారకపోయినా అనుమానించండి. రాత్రంతా డిఓ తగ్గుతూ తెల్లవారుజామున అడుగుకి వస్తుంది కదా, గంటసేపు 5.1, 5.1 అనే వస్తుంటే సెన్సర్ ఎప్పుడో ఆగిపోయింది, గేట్‌వే పాత విలువనే మళ్లీ మళ్లీ పంపుతోంది. 4జీకి దాని సీఆర్‌సీ ఉంది, తీగకి దాని సీఆర్‌సీ ఉంది, మధ్యలో గేట్‌వే బుర్రలో జరిగేదానికి ఏదీ లేదు. చదివిన క్షణం టైమూ, ఒక వరస నంబరూ చదివినచోటే తగిలించి చివరిదాకా తీసుకెళ్తే ఇది దొరుకుతుంది.

మీరు అడగలేదు గానీ, ఏరేటర్లని ఇంటి నుంచి వేసే ఆలోచన కూడా ఉందన్నారు కాబట్టి ఇది తప్పక చదవండి. "మళ్లీ పంపు" అనే పద్ధతిలో ఒక గుంట ఉంది. మీ ఆజ్ఞ చేరింది, ఏరేటర్ ఆన్ అయింది, కానీ "సరే" అన్న జవాబు దారిలో పోయింది. ప్రోగ్రాం చేరలేదనుకుని మళ్లీ పంపుతుంది. ఆజ్ఞ "ఉన్నదానికి ఉల్టా చెయ్యి" అనే రకం అయితే రెండోసారికి ఆఫ్ అయిపోతుంది, మీరేమో ఆన్ అయిందనుకుని పడుకుంటారు. ఒక్క బటన్‌తో నడిచే చవక రిలే బోర్డుల్లో ఇదే ఉంటుంది. మోడ్‌బస్‌లో అయితే ఆన్‌కి 65280, ఆఫ్‌కి 0 అని విడివిడి విలువలున్నాయి, ఒకటే ఆజ్ఞ పదిసార్లు చేరినా ఫలితం మారదు. అలాంటిదే వాడండి. పంపాక స్థితిని తిరిగి చదివి చూసుకోండి.

డిస్కు దగ్గరికి వద్దాం. డిస్కు లోపల ఇప్పటికే దిద్దే కోడ్ పని చేస్తూనే ఉంటుంది, మీకు కనపడదు. అయినా మామూలు డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్‌లో కోటి కోట్ల బిట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చని రాసి ఉంటుంది, అంటే 12.5 టెరాబైట్లు. దానికంటే నాకు భయం, చదవలేనని చెప్పకుండా తప్పు డేటా ఇచ్చే సందర్భాలు. అరిగిన యూఎస్‌బీ కేబులు, పాడైన ర్యామ్, కాపీ మధ్యలో కరెంటు పోవడం. ఫైలు పేరుంటుంది, సైజుంటుంది, లోపల సగం చెత్త.

రెండు డిస్కులు అద్దంలా పెట్టే రెయిడ్‌తో ఒక డిస్కు పూర్తిగా పోతే రెండోది ఉంటుంది, అంతవరకు నిజం. కానీ రెండూ బతికే ఉండి రెండిట్లో వేరువేరు సంగతి ఉంటే ఏది నిజమో మామూలు రెయిడ్‌కి తెలీదు. ఇక్కడ ఒక సూక్ష్మం: ఏ ముక్క పోయిందో తెలిస్తే దిద్దడం సగం పని. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ కనిపెట్టిన రీడ్-సోలమన్ కోడ్‌లో, 223 బైట్ల డేటాకి 32 అదనపు బైట్లు కలిపితే, ఎక్కడున్నాయో తెలియని తప్పులు 16 దాకా దిద్దుతుంది, ఎక్కడున్నాయో ముందే తెలిస్తే 32 దాకా. గీతలు పడ్డ సీడీ పాడటం, మేత బస్తా మీద క్యూఆర్ కోడ్‌కి బురద అంటినా ఫోను చదవడం దీని పుణ్యమే. క్యూఆర్‌లో హెచ్ లెవెల్ ఎంచుకుంటే సుమారు 30 శాతం దాకా చెడినా కోలుకుంటుంది, చెరువు గట్టు మీద అట్టలు పెట్టేట్టయితే అదే ఎంచుకోండి.

ఏ ముక్క చెడిందో డిస్కుకి తెలియాలంటే ప్రతి ముక్కకీ ఒక వేలిముద్ర కావాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ రాసుకుంటుంది, రెండు ప్రతుల్లో ఏది సరైనదో దానికి తెలుస్తుంది, నెలకోసారి అంతా చదివి చూసుకోమంటే చెడ్డదాన్ని మంచిదాంతో దిద్దుతుంది. మీకు అంత హంగామా అక్కర్లేదనిపిస్తే ఇలా చేయండి: ఏ సంవత్సరపు ఫోల్డర్ ఆ సంవత్సరం ముగిశాక మూసేసి, ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే వేలిముద్ర తీసి ఒక జాబితాగా దాచండి (విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్ చాలు). ఆ ఫోల్డర్‌కి పార్2 అనే ప్రోగ్రాంతో పది శాతం రికవరీ ఫైళ్లు తయారుచేయండి, లోపల ఉన్నది రీడ్-సోలమనే. ఒక ప్రతి షెడ్డులో కాకుండా వేరే ఊళ్లో ఉండాలి. గోదారి లంకల్లో, కాలవ గట్ల మీద ఉన్నవాళ్లకి ఇది ఎందుకో చెప్పక్కర్లేదు. రెయిడ్ బ్యాకప్ కాదు, మీరు పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి డిలీట్ అవుతుంది.

షెడ్డులో గేట్‌వే ఎస్‌డీ కార్డు మీద రాస్తోందన్నారు. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న వరస సగంలో తెగుతుంది. ఒక్కో వరస చివర ఆ వరస సీఆర్‌సీ కూడా రాయించండి, తర్వాత చదివేటప్పుడు కుదరని వరస పక్కన పెట్టేయొచ్చు, మిగతా రోజంతా అనుమానించక్కర్లేదు.

కుర్రాళ్లు ఫోనులో కొట్టే అంకెల గురించి క్లుప్తంగా. మనుషులు చేసే తప్పులు రెండే రకాలు ఎక్కువ: ఒక అంకె మార్చడం, పక్క అంకెలు తారుమారు చేయడం. ఆధార్ నంబరులో చివరి అంకె వెర్హాఫ్ పద్ధతిలో వేసినది, ఈ రెండు రకాల్నీ పూర్తిగా పడుతుంది. డెబిట్ కార్డుల మీది లూన్ పద్ధతి 09ని 90గా కొడితే పట్టదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అసలు పరీక్ష అంకె లేదు, బ్యాంకు యాప్ ఖాతా నంబరు రెండుసార్లు కొట్టించుకునేది ఇలాంటి తప్పులు పట్టడానికే, ముతక పద్ధతే గానీ పనిచేస్తుంది. మీ చెరువులకి, బ్యాచ్‌లకి నంబర్లు పెట్టేటప్పుడు చివర ఒక వెర్హాఫ్ అంకె కలపండి, ఏడో చెరువు మేత లెక్క ఒకటో చెరువు కింద పడటం ఆగుతుంది.

మీ బావమరిదికి పని కావాలంటే సీఆర్‌సీ ప్రోగ్రాం రాయించండి, మంచి అభ్యాసం. కానీ చెరువు మీద పెట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి. 123456789 అనే తొమ్మిది అక్షరాలకి మోడ్‌బస్ సీఆర్‌సీ దశాంశంలో 19255 రావాలి, జిప్ ఫైళ్లలో వాడే 32 బిట్ల సీఆర్‌సీ అయితే 3421780262. రాకపోతే మొదలుపెట్టే విలువ తప్పయినా అయ్యుండాలి (మోడ్‌బస్‌కి 65535తో మొదలవ్వాలి), బిట్లు తిరగేసే దిక్కు తప్పయినా అయ్యుండాలి. అంకె సరిగ్గా వచ్చి కూడా సెన్సర్ పలకకపోతే తీగ మీద పంపేటప్పుడు రెండు బైట్లనీ ముందువెనకలుగా పంపుతున్నట్టు. మోడ్‌బస్‌లో మిగతా విలువలన్నీ పెద్ద బైటు ముందు వెళ్తాయి, సీఆర్‌సీ ఒక్కటే చిన్న బైటు ముందు.